పన్నెండో మెట్టు దగ్గర ఆగిన తీగ

శుభవార్త వచ్చినప్పుడు యశస్విని చేతిలో అట్లకాడ ఉంది, పెనం మీద దోసె ఉంది, మధుకర్ మెడలో ఆమె చున్నీ ఉంది. చున్నీ అక్కడికెందుకు వెళ్లిందని అడగకండి. పెళ్లయి నలభై మూడు రోజులే అయిన ఇంట్లో వస్తువులు ఉండాల్సిన చోట ఉండవు.

ఫోన్లో ఆమె ఆఫీసు పెద్ద, భార్గవి మేడమ్.

“యశస్వినీ, ఏం చేస్తున్నావ్?”

“దోసె వేస్తున్నానండి.”

“అయితే తిరగేసి విను. తెల్లాపూర్ వాళ్లకి నీ గేటు నచ్చింది. పదహారు డ్రాయింగుల్లో నీదే నచ్చింది!”

దోసె తిరగబడలేదు గానీ అట్లకాడ కిందపడింది. మధుకర్ చున్నీతో సహా గిర్రున తిరిగి, ఫ్రిజ్‌కి గుద్దుకుని, “అబ్బా!” అన్నాడు.

“ఆగు, ఇంకా ఉంది” అంది భార్గవి. “రేపు మంగళవారం, సాయంత్రం నాలుగింటికి మీటింగు. ఆ ఇనుప తీగల గేటును చేత్తో చేసే మనిషి ఉన్నాడని మనం చూపించాలి. ఒక్క తీగ చాలు, టేబుల్ మీద పెట్టాలి. లేదంటే రేకు తెచ్చి మెషిన్‌తో కోయించి బిగించేస్తామంటున్నారు. దొరుకుతాడా నీకెవరైనా?”

“దొరుకుతాడండి” అంది యశస్విని. ఎవరు, ఎక్కడ అన్నది ఆమెకే తెలియదు. మూడు వారాలుగా తిరగని వర్క్‌షాపు లేదు. ఇనుము కాల్చి, సాగదీసి, తీగలా వంచే మనిషి కావాలంటే అందరూ నవ్వారు. ఆ పని ఇప్పుడెవరు చేస్తారమ్మా, ఫైల్ పంపండి, కోసి ఇస్తాం అన్నారు.

కిందటి వారం వీళ్లిద్దరినీ మనం మదీనాగూడలోని ఈ మూడో అంతస్తు ఇంట్లోనే, బ్రస్సెల్స్ టికెట్లు రద్దయిన దుఃఖంలో వదిలాం. అక్కడి పాత మేడలను చూడాలన్నది కాకినాడ నుంచి ఆర్కిటెక్చర్ చదవడానికి వచ్చిన నాటి నుంచీ ఆమె కోరిక. ఆర్ట్ నూవో అంటారు ఆ పద్ధతిని. నూటపాతికేళ్ల కిందట కొందరికి నిటారు గీతల మీద విసుగొచ్చి, ఇనుమునీ రాయినీ పూలకాడల్లా, తూనీగ రెక్కల్లా వంపులు తిప్పి ఇళ్లు కట్టారట. మధుకర్ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ తేదీ మంగళవారానికి ముందుకు జరగడంతో ఆ ప్రయాణం పోయింది. వాళ్ల మేనేజర్ అవినాష్ జాలిపడి, సోమవారం ఒక్కరోజు సెలవిచ్చాడు. యశస్విని స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చి, మొహం కడుక్కుని బయటికొచ్చి ప్రకటించింది: “ఆ ఒక్కరోజూ మన ఊళ్లోనే మనం టూరిస్టులం. టోపీ, నీళ్ల సీసా, కెమెరా, అన్నీ!”

ఆ సోమవారం ఇదే.

“ఇయ్యాల తిరుగుడు బంద్ పెట్టి మనిషిని వెతుకుదామా?” అన్నాడు మధుకర్.

“తిరుగుతూనే వెతుకుదాం” అంది యశస్విని. డ్రాయింగు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, సంచిలో పెట్టింది. మాడిన దోసెను ఇద్దరూ చెరిసగం తిన్నారు. అదీ బాగానే ఉంది.

మొదటి మజిలీ తెల్లాపూర్‌లోనే, ఆమె గేటు రావాల్సిన చోటుకు రెండు వీధుల అవతల, ఇంకో గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్. అందులో ఉండే ఆమె స్నేహితురాలు రసజ్ఞ లోపలికి పంపించింది. ద్వారం నిండా నల్లటి ఇనుప తీగలు, కలువ మొగ్గలు.

“మస్తున్నది గదా!” అన్నాడు మధుకర్ టోపీ సర్దుకుంటూ. “గిదే గదా నీ బ్రస్సెల్సు?”

“పక్కకొచ్చి చూడు.”

మధుకర్ రెండడుగులు పక్కకు వేశాడు. తీగలు మాయమయ్యాయి. గీసినట్టు సన్నటి నల్లగీతలు మాత్రం మిగిలాయి.

“అరె! ఏడికి పోయినయ్?”

“రేకు మరి! ముందు నుంచి చూస్తేనే తీగ. తీగంటే ఒళ్లుండాలి మధూ. మొదట్లో లావుగా, పోనుపోను సన్నగా, చివర ఎటుపోవాలో తెలియనట్టు కొంచెం వణకాలి. మీ బోరబండ ఇంటి కిటికీలో ఉన్నట్టు.”

అనేసి నాలుక కరుచుకుంది. ఆ కిటికీ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆమె మామగారు పెంటయ్య ఒకప్పుడు కమ్మరి పనిలో గట్టి చెయ్యి. ఇంటి వాకిట్లోనే కొలిమి ఉండేదట. పదకొండేళ్ల కిందట ఆర్పేసి, నానక్‌రామ్‌గూడలో ఒక అద్దాల టవర్ దగ్గర సెక్యూరిటీ ఉద్యోగంలో చేరాడు. పెళ్లయిన కొత్తలో, “మామయ్యగారూ, ఈ కిటికీ మీరే చేశారా? అన్ని తీగలూ కుడికి తిరిగి, ఇదొక్కటే ఎడమకి తిరిగిందేంటండీ?” అని యశస్విని అడిగితే, ఆయన తింటున్న పళ్లెం పట్టుకుని వాకిట్లోకి వెళ్లిపోయాడు. అత్తగారు పోచమ్మ గుసగుసగా, “ఆ ముచ్చట తియ్యకు బిడ్డా” అంది. ఇక తియ్యలేదు. కానీ ఆ ఎడమ తిరిగిన తీగ ఆమెను వదల్లేదు. గేటు డ్రాయింగులో ఓ మూల అలాంటిదే ఒకటి ముద్దుగా గీసుకుంది.

“బాపుకు ఉద్యోగం దొరికింది, ఎండల బొగ్గుల గోస ఎందుకని ఇడిసిపెట్టిండు. అంతే” అన్నాడు మధుకర్, ఎప్పుడూ అనే మాటే. “పనిముట్లు గూడ లేవిప్పుడు. పా, నీ రెండోది చూపెట్టు.”

రెండో మజిలీని రసజ్ఞే కనిపెట్టింది, పొద్దున సైకిలు తొక్కుతూ. నానక్‌రామ్‌గూడ పాత ఊరి సందులో, హాస్టళ్లూ టిఫిన్ బండ్లూ దాటాక, వెనక అద్దాల మేడలు తొంగిచూస్తుంటే, ఆకుపచ్చ గేటు వేసుకుని కూర్చున్న ఓ రెండంతస్తుల పాత బంగ్లా. గేటు కొట్టగానే తువ్వాలు భుజాన వేసుకున్న పెద్దాయన వచ్చాడు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. పేరు రామచంద్రం.

“ఇల్లు కొననీకొచ్చిండ్రా?”

“లేదండి, ఊరికే చూడ్డానికి.”

“చూడనీకెనా!” ఆయన మొహం విచ్చుకుంది. “గట్లయితె రాండ్రి. కొననీకొచ్చినోళ్లకు గేటు తియ్య. మీకు చాయ్ గూడ ఇస్త.”

లోపలికి అడుగుపెట్టి యశస్విని “అమ్మో” అంది. ఆ తర్వాత అయిదు నిమిషాల దాకా అదే మాట రకరకాలుగా అంది. తలుపు మీద అర్ధచంద్రాకారంలో రంగు అద్దాలు. అద్దాల్లో నెమలికంటి నీలం. కిటికీ చెక్కలకు కలువకాడల వంపు. మధుకర్‌కి ఇవేవీ అంతగా పట్టవు. కానీ నీలం వెలుతురు భార్య చెంప మీద పడితే ఫొటో తీయాలని మాత్రం తెలుసు. తీశాడు. పదిహేడు తీశాడు.

“మా తాత రాళ్ల కాంట్రాక్టరు” అన్నాడు రామచంద్రం చాయ్ గ్లాసులు అందిస్తూ. “బొంబాయి పోయి ఎవరిదో కోఠీ, పెద్ద మేడ, చూసిండంట. గసోంటిదే కావాలని ఇనుమంత రైల్ల ఏసుకొచ్చిండు. అసలుది చూస్తరా? ఎనకకు రాండ్రి.”

వెనక వైపు మేడ మీదికి మెట్లు. పంతొమ్మిది మెట్లు, ఓ వంపు తిరిగి పైకి పోతున్నాయి. కుడివైపు కటకటాలు బొంబాయి నుంచి వచ్చిన పోత ఇనుము. తీగ పక్కన తీగ, పొల్లుపోకుండా ఒకే అచ్చు. ఎడమవైపు కూడా తీగలే.

యశస్విని ఎడమవైపు చెయ్యేసింది. వేలి కింద చిన్నచిన్న పలకలు తగిలాయి, ఒకదాని పక్కన ఒకటి. సుత్తి దెబ్బలు. ఇది పోతపోసింది కాదు, కొట్టి చేసింది. మొదలు బొటనవేలంత లావు, చివర పెన్సిలు ములుకు. చేసిన మనిషి ఇంకా ఉన్నాడేమో!

అప్పుడు మొదటి మెట్టు దగ్గర చూసింది. అన్ని తీగలూ కుడికి తిరిగాయి. ఒక్కటి ఎడమకు.

“మధూ” అంది మెల్లగా. “ఇటు రా.”

అతను వంగి చూశాడు. టోపీ తీసేశాడు. మళ్లీ చూశాడు. చిన్నప్పుడు ఇంటి కిటికీలో కూర్చుని లెక్కలు చేసుకుంటూ ఎడంచేత్తో పట్టుకున్న తీగకు అచ్చం జోడీ అది. దాని వంపు అతని అరచేతికి తెలుసు.

“ఈ పక్క తీగలు ఎవరు చేశారండీ?” అంది యశస్విని.

“గది పెద్ద కథ. యాపకొమ్మ విరిగి పడి ఈ దిక్కు మొత్తం పోయింది. ఎవర్ని అడిగినా పైపులు ఏస్తమన్నరు. ఆఖరికి బోరబండల ఒకాయన దొరికిండు. పెంటయ్య. సైకిల్ మీద వచ్చి, కొల్త తీసుకపోయి, ఇంటికాడ కాల్చి కొట్టి, మూడేసి తీగలు గోనెసంచిల చుట్టుకొని తెచ్చేటోడు. ఒక్కో మెట్టుకు వారం. నేనేమో కుర్సీ ఏసుకొని చూసేటోన్ని. సినిమా కంటె మంచిగుండె.”

“మరి…” యశస్విని పైకి చూసింది. పన్నెండో మెట్టు దగ్గర తీగలు ఆగిపోయాయి. అక్కణ్ణుంచి పంతొమ్మిదో మెట్టు దాకా ఓ కొబ్బరితాడు కట్టి ఉంది.

“ఒకనాడు వచ్చి నిలవడ్డడు. సార్, నా కొడుకుకు ఇంటర్ పరీక్షలు, చప్పుడుకు సదువుతలేడు, కొలిమి రెండు నెలలు బంద్ పెడుతున్న, పరీక్షలు కాంగనే వస్త అన్నడు. పోరని సదువు కంటె మెట్లు ఎక్కువనా? పో, నేను ఆగుత అన్న.” రామచంద్రం తాడును ఓసారి లాగి చూశాడు. “మల్ల రాలె. ఏటేట వానకాలం ముందు తాడు మారుస్తున్న.”

“వేరేవాళ్లతో చేయించుకోలేదా?”

“ఎట్ల చేపిస్తనమ్మా? ఆయన వస్తనన్నడు. నేను ఆగుతనన్న. ఇద్దరం మాటిచ్చుకున్నం గదా.”

మధుకర్ మెట్లెక్కుతూ పోయాడు. పన్నెండు దాకా తీగ పట్టుకున్నాడు, తర్వాత తాడు పట్టుకున్నాడు. యశస్విని వెనకే వెళ్లింది. మేడ మీద నిలబడితే అద్దాల టవర్లన్నీ వరసగా కనిపించాయి. రెండోది వాళ్ల నాన్న కాపలా ఉండే టవర్. గట్టిగా పిలిస్తే వినపడదు గానీ, నడిస్తే పావుగంట.

“నేనే అన్న యశూ” అన్నాడు మధుకర్ అటే చూస్తూ. “ఒకనాడు పుస్తకం ఇసిరికొట్టిన. ఈ చప్పుడుల నేనెట్ల సదవాలె, నన్ను గూడ కమ్మరోన్ని చేస్తవా అన్న. తెల్లారి చప్పుడు లేదు. నాకేమో నిద్ర మంచిగ పట్టింది. ఎందుకు చప్పుడు లేదో అడగను గూడ అడగలె. తర్వాత ఉద్యోగమంటె, దానికోసమే మానేసిండనుకున్న.”

యశస్విని దగ్గరికి జరిగింది. అతని మోచేయి పట్టుకుని నిలబడింది. సంచిలోని డ్రాయింగు చుట్ట ఆమె వీపుకు గుచ్చుకుంటోంది. వెతుకుతున్న మనిషి దొరికాడు. రేపు నాలుగింటికి అవసరమైన మనిషి. అడగడానికి ఇంతకంటే చెడ్డ రోజు ఇంకోటి ఉండదు. ఇవాళ ఆ ఊసు ఎత్తకూడదని అక్కడే, ఆ మేడ మీదే అనుకుంది. గేటు పోతే పోయింది.

గేటు దాకా సాగనంపడానికి వచ్చిన పెద్దాయనతో మధుకర్ అన్నాడు:

“సార్, ఆ పోరన్ని నేనే.”

రామచంద్రం కళ్లజోడు సర్దుకుని, అతన్ని కింది నుంచి పై దాకా చూశాడు.

“పాసయినవా?”

“పాసయిన సార్.”

“నౌకరి?”

“ఈడనే, సాఫ్ట్‌వేరు.”

“ఇంకేం మరి!” అన్నాడాయన భుజం తట్టి. “మెట్లు గట్లనే ఉంటయ్. నువ్వు పాసయినవ్ గదా. మీ బాపును ఒకసారి రమ్మను. పని కోసం కాదు, చాయ్‌కు. నేను కోపంల లేనని చెప్పు.”

హైటెక్ సిటీ స్టేషన్లో లోకల్ రైలెక్కారు. మామూలు రోజైతే కిటికీ పక్క సీటు కోసం ఇద్దరూ కొట్టుకునేవాళ్లు. ఇవాళ అతనే ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. అది చూసి ఆమెకు ఇంకా దిగులేసింది.

బోరబండ ఇంటికి చేరేసరికి సాయంత్రం ఆరు. పెంటయ్య డ్యూటీ దిగి వచ్చి, నీలం యూనిఫాం చొక్కా మేకుకు తగిలించి, బనియన్‌తో వాకిట్లో కూర్చుని ఉన్నాడు. పోచమ్మ వాకిలి మూల గద్దె మీదున్న ఇత్తడి బిందె లోంచి నీళ్లు ముంచుతోంది. ఎర్రమట్టి జాజు పూసి, తెల్లటి చుక్కలు పెట్టిన చిన్న గద్దె అది. పోయిన శుక్రవారం ఆ చుక్కలు పెట్టింది యశస్వినే.

“అరె, టోపీలేంది? యాడికి పోయొచ్చిండ్రు, సర్కస్‌కా?” అంది పోచమ్మ. “కూసోండ్రి, చాయ్ పెడుత.”

మధుకర్ కూర్చోలేదు.

“బాపు, నానక్‌రామ్‌గూడ రామచంద్రం సారు యాదికున్నడా?”

పోచమ్మ చెంబు బిందె అంచుకు తగిలి ఠంగుమంది. పెంటయ్య తలెత్తలేదు. నేల చూస్తూనే అడిగాడు:

“ఉన్నడా సారు?”

“ఉన్నడు.”

“మెట్లకు పైపులు ఏసుకున్నడా?”

“లేదు బాపు. తాడు కట్టుకున్నడు.”

“ఏం తాడు?”

“కొబ్బరి తాడు. ఏటా మారుస్తడంట.”

“కొబ్బరి తాడు వానకు మురుగుతది” అన్నాడు పెంటయ్య. “నైలాన్‌ది కట్టుకోవాలె. ముసలాయన, దిగేటప్పుడు తెగితె ఎట్ల?”

“రెండు నెలలన్నవంట గదా బాపు! పరీక్షలయినంక ఎందుకు పోలె? నేనేదో పిచ్చి మాటన్న. ఆ మాట నాకు యాది గూడ లేదు.”

“నాకు గూడ లేకుండె. ఇప్పుడు నువ్వు యాదిజేస్తివి.”

“అబద్ధాలు!” అంది పోచమ్మ. పదకొండేళ్లుగా ఆ ముచ్చట తియ్యనివ్వని మనిషి, ఇప్పుడు తానే తీసింది. “ఆనాటి సంది ఈ ఇంట్ల గిన్నె కింద పడనిచ్చిండా ఈయన? పిలగాడు సదువుతుండు, పిలగాడు సదువుతుండు! నేను కుక్కర్ పెడితె సీటీ రాకుండ పక్కన నిలవడేటోడు.”

“నువ్వు ఊకో.”

“నేనెందుకు ఊకుంట? చెప్పు కొడుక్కు.”

పెంటయ్య తన రెండు చేతులూ చూసుకున్నాడు. చెప్పక తప్పదని తెలిసిన మనిషి చెప్పినట్టు, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాడు.

“రెండు నెలలకే బంద్ పెట్టిన. నిజం. రెండు నెలలల్ల నువ్వు కాలేజి ఫస్టొచ్చినవ్. మన ఇంట్ల ఫస్టు! ఇగ మల్ల సుత్తె పడితె ఏమైతదో అని నాకు బుగులు పుట్టింది. చప్పుడు లేకుంటె నీకు కలిసొస్తుందనుకున్న. ఇంజనీరింగు కానీ అనుకున్న. అది కాంగనే ఇంటర్వ్యూలంటివి. నౌకరి రాంగనే కరోనా వచ్చె. ఈ అర్రలనే కూసొని నువ్వు మీటింగులు మాట్లాడుతుంటివి, నేను వాకిట్ల చెప్పులు ఇడిసి నడుస్తుంటి. గట్ల గట్ల పదకొండేండ్లు పోయినయ్. ఇగ సారు తాన ఏం మొహం పెట్టుకొని పోవాలె? డ్యూటీకి పోయేటప్పుడు ఆ సందు తప్పిచ్చుకొని చుట్టు తిరిగి పోత.”

మధుకర్ ఆయన పక్కన కూలబడ్డాడు. ఏడుపు వస్తే టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. టూరిస్టు టోపీ, అంచు మీద సూర్యుడి బొమ్మ. పెంటయ్య దాన్ని చూసి, “గీ టోపీ ఎంతకు కొన్నవ్? మోసపోయినవ్” అన్నాడు. ఏడుస్తూనే నవ్వొచ్చింది మధుకర్‌కి.

“సారు కోపంల లేడు బాపు. నిన్ను చాయ్‌కు రమ్మన్నడు.”

“నిజంగనా?”

“పాసయినవా అని అడిగిండు నన్ను.”

ఆ మాటకు పెంటయ్య తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు, చెమట అన్నట్టుగా.

ఈలోగా పోచమ్మ, కోడలి సంచిలో టిఫిన్ డబ్బా ఉందేమోనని చెయ్యి పెట్టి, డ్రాయింగు చుట్ట బయటికి లాగింది. యశస్విని “అత్తయ్యా, అదొద్దు!” అనేలోపే వాకిట్లో పరిచేసింది.

“ముగ్గా బిడ్డా? మస్తున్నది గదా!”

“ముగ్గు కాదత్తయ్యా… ఆఫీసు పని. ఇవాళ వద్దు, చుట్టేయండి.”

చుట్టడానికి వంగిన పోచమ్మ చెయ్యిని పెంటయ్య ఆపాడు. మోకాళ్ల మీద ముందుకు జరిగాడు. కాగితం మీద వేలు పెట్టి, తీగ మొదలు నుంచి చివరి దాకా జరిపాడు, ఎండలో వేడెక్కిన దాన్ని తాకినట్టు జాగ్రత్తగా.

“ఇది ఎవరు గీసిండ్రు?”

“నేనేనండి మామయ్యగారూ.”

“ఇది నిలవదు.”

“అంటే?”

“ఈడ రెండు తీగలు విడిపోతున్నయ్. ఆ తాన కణుపు లేదు. కణుపు లేకుండ ఏ తీగ విడిపోతది? చెట్టును చూసి గియ్యాలె.” ఆయన గొంతు మారిపోయింది. యశస్విని ఎన్నడూ వినని గొంతు. “కొస మంచిగున్నది. వంపు మంచిగున్నది. మరి ఇదేంది, ఇదొక్కటి ఎడమకెందుకు తిప్పినవ్?”

యశస్విని మొహం ఎర్రబడింది. “మీ కిటికీలో చూసి. అప్పుడు తప్పనుకున్నానండి. తర్వాత అదే నచ్చింది. మిగతావన్నీ వరసలో నిలబడితే, అదొక్కటీ వెనక్కి తిరిగి ఎవరికోసమో చూస్తున్నట్టుంటుంది.”

పెంటయ్య కోడలి వైపు మొదటిసారి తిన్నగా చూశాడు.

“తప్పు గాదు బిడ్డా. మా తాత నేర్పిండు. పనంత సక్కగ చేస్తె ఇగ పని అయిపోయినట్టే, చెయ్యి ఆగిపోతది అనేటోడు. మొదలుపెట్టేటప్పుడే ఒక తీగ ఉల్టా తిప్పాలె. ఇంక పని ఉన్నదని ఇనుముకు యాదికుంటదంట.” డ్రాయింగులోని ఆ ఎడమ తీగను వేలితో తట్టాడు. “ఇనుముకున్నది. నేనే మర్చిపోయిన.”

మధుకర్ టోపీ పక్కన పెట్టాడు. భార్య కళ్లెర్ర చేస్తున్నా ఆగకుండా, తెల్లాపూర్ గేటు సంగతి, మంగళవారం నాలుగింటి మీటింగు సంగతి, రేకు సంగతి గబగబా చెప్పేశాడు.

“మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని కాదు మామయ్యగారూ” అంది యశస్విని. “పదకొండేళ్లయింది. పనిముట్లు కూడా లేవని మధు అన్నాడు. గేటు పోయినా ఫర్వాలేదు, నిజంగా.”

“పనిముట్లు లేవని వీడు చెప్పిండా?” పెంటయ్య లేచాడు. వాకిలి మూలకు నడిచి, గద్దె మీది బిందెను కాస్త పక్కకు జరిపి, జాజు మీద గోటితో గీకాడు. ఎర్రమట్టి పొర రాలింది. కింద నల్లగా, నున్నగా మెరిసింది. ఇనుము.

“దాగలి!” అన్నాడు మధుకర్. చిన్నప్పుడు తండ్రి దీని మీదే ఎర్రటి ఇనుము పెట్టి కొట్టేవాడు. “అమ్మేసినవనుకున్న గదా!”

“దీన్ని ఎవడన్న అమ్ముతడా? మా తాతది.”

యశస్విని రెండు చేతులతో నోరు మూసుకుంది. వచ్చినప్పుడల్లా ఆ బిందెలోంచే నీళ్లు ముంచుకుంది. ఆ దాగలి మీదే చుక్కలు పెట్టి, బాగుందని ఫొటో కూడా తీసుకుంది.

“సుత్తె, సమ్మెట, పట్టుకారు అటక మీదున్నయ్” అంది పోచమ్మ. “ప్రతి దసరాకు నేనే నూనె రాసి పెడుతున్న. ఈయనకు తెల్వదు.”

“తెలుసు” అన్నాడు పెంటయ్య. “నూనె వాసన నాకు రాదా?”

ఆయన తిరిగొచ్చి, డ్రాయింగు ముందు గొంతుక్కూర్చున్నాడు. పెడతానన్న చాయ్ సంగతి పోచమ్మతో సహా అందరూ మర్చిపోయారు.

“ఇను బిడ్డా. నీ గేటు చేస్త. కానీ ముందు సారు మెట్లు. ఆ ఏడు మెట్లు కాకుండ నీ గేటుకు చెయ్యి పెట్ట. నీ సాబులు ఆగుతరా?”

“ఆపుతానండి” అంది యశస్విని. పొద్దున “దొరుకుతాడండి” అన్నంత ధైర్యంగానే అంది. ఈసారి ఆ మాట కింద నేల ఉంది.

“అయితె రేపు నేను డ్యూటీకి పోను. పొద్దుగాల ఆరింటికి కొలిమి ముట్టిస్త. ఒక్క తీగ కొడుత, పదమూడో మెట్టు తీగ. నాలుగింటికి దాన్ని నీ టేబుల్ మీద పెట్టి చూపెట్టు. మల్ల తెచ్చియ్యి. పొద్దుగూకే లోపల సారు తానకు తీసుకపోత, చాయ్‌కు.” వేళ్లు ముడిచి తెరిచాడు. “కానీ ఒక్క చేత్తోని కాదు. నేను పట్టుకారు పడుత, సుత్తెతోని ఏడ కొట్టాలెనో చూపెడుత. సమ్మెట ఇంకొకలు కొట్టాలె. అప్పుడు మా తమ్ముడు కొట్టేటోడు. వాడిప్పుడు లేడు.”

పెంటయ్య కొడుకు చేతులకేసి చూశాడు. కీబోర్డు తప్ప ఇంకేదీ ఎరగని మెత్తటి చేతులు.

సరిగ్గా అప్పుడే మధుకర్ జేబులో ఫోను గుర్రుమంది. అవినాష్ నుంచి మెసేజీ: ‘రేపు రిలీజ్ పొద్దున ఆరున్నరకి మార్చారు. అందరూ ఆఫీసులో ఉండాలి. నువ్వు తప్పనిసరి.’ యశస్విని అతని భుజం మీంచి చదివింది. బ్రస్సెల్స్‌ను మింగేసిన రిలీజ్ అది.

“ఏందిరా?” అన్నాడు పెంటయ్య.

మధుకర్ ఫోను బోర్లా పెట్టాడు. “ఏం లేదు బాపు.”

“రేపు పొద్దుగాల నీకు సదువు గిట్ల ఏం లేదు గదా?” తండ్రి నవ్వుతూనే అడిగాడు గానీ, చూపు మాత్రం కొడుకు మొహం మీంచి తీయలేదు. “చప్పుడైతది మల్ల.”

మధుకర్ భార్య వైపు చూశాడు. బోర్లా పడున్న ఫోను వైపు చూశాడు. అది మళ్లీ గుర్రుమంది.

“కానియ్ బాపు” అన్నాడు. “సమ్మెట నేను కొడుత. మస్తు చప్పుడు కానియ్.”

పెంటయ్య తలూపి, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. లోపలికి వెళ్తూ, వీధి వీధంతా వినేలా, పదకొండేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడనంత గట్టిగా అన్నాడు:

“పోచమ్మా! రేపు తెల్లారంగనే బిందె దించు!”